‘లివిడ్’ అనే ఆంగ్ల విశేషణాన్ని సరిగా వాడటం ఎలా?

‘లివిడ్’ అనగానే నేడు పట్టరాని కోపమే స్ఫురిస్తుంది గాని, దాని మూలార్థం రంగుకు సంబంధించినది. నీలివర్ణాన్ని సూచించే లాటిన్ మాట నుండి పుట్టిన ఈ విశేషణాన్ని, దెబ్బ తగిలి చర్మం కమిలినప్పుడు కనిపించే నీలి, ఊదా ఛాయలను వర్ణించడానికి ఇప్పటికీ వాడతారు. పాలిపోయిన ముఖానికీ, అరుదుగా ఎర్రబడిన ముఖానికీ కూడా ఇదే మాట వర్తిస్తుంది కాబట్టి, పాత నవలల్లో ఇది ఎదురైనప్పుడు ఏ రంగో సందర్భాన్ని బట్టే గ్రహించాలి. కోపం అనే అర్థం ప్రధానంగా 20వ శతాబ్దంలో స్థిరపడింది.

‘షి వాజ్ లివిడ్’ అంటే ఆమె కోపంతో ఊగిపోయిందని అర్థం. తీవ్రత ఈ మాటలోనే ఉన్నందువల్ల దీని ముందు ‘వెరీ’ అంతగా నప్పదు. ‘అబ్సొల్యూట్‌లీ’ చక్కగా కుదురుతుంది. కోపం వ్యక్తి మీదైతే ‘విత్’, విషయం మీదైతే ‘అబౌట్’ చేర్చాలి. చిన్నపాటి చిరాకుకు మాత్రం ‘అనాయ్డ్’ చాలు. రంగును ఉద్దేశించినప్పుడు ‘ఎ లివిడ్ బ్రూజ్’ అన్నట్లు నామవాచకానికి ముందు ఉంచితే సందిగ్ధత ఉండదు.