ఆంటెన్నాకు పిడుగు దెబ్బ: పోయింది సెట్టా, కేబులా, లేక ఎర్తింగే తప్పా?

మన పాలమూరు, నల్లగొండ దిక్కు ఏప్రిల్, మే నెలల్ల పొద్దుగూకేటప్పుడు గాలిదుమారం లేస్తది, నాలుగు చినుకులే పడ్తయి గానీ ఉరుములు మెరుపులు మాత్రం గట్టిగుంటయి, హామ్ సెట్లకు (లైసెన్స్ తీసుకొని సరదాకు మాట్లాడుకునే రేడియోలకు) డేంజర్ టైం ఇదే. పిడుగు ఆంటెన్నా మీదనే పడాలని లేదు, దగ్గర్ల చెట్టు మీద పడ్డా డాబా మీది డైపోల్ (నడుమ కేబుల్ తగిలించి రెండు దిక్కుల లాగిన వైరు ఆంటెన్నా) వైర్ల వోల్టేజి పుడ్తది, సెట్టు లోపలి సన్న పార్టులు పోనీకి అది చాలు.

సమస్య: వాన తర్వాత స్టేషన్లు వినపడ్తలేవు, లేదంటే ఎస్‌డబ్ల్యూఆర్ (ఆంటెన్నాకు పంపిన పవర్ ఎంత వాపస్ వస్తుందో చెప్పే లెక్క) ఒక్కసారిగ పెరిగింది

సెట్టు పోయిందని వెంటనే రిపేర్‌కు ఉరకకుండ్రి. ముందు ఆంటెన్నా పీకి డమ్మీ లోడ్ (ఆంటెన్నా బదులు పవర్‌ను మింగే రెసిస్టర్) పెట్టి తక్కువ పవర్‌ల చూడుండ్రి, ఎస్‌డబ్ల్యూఆర్ తక్కువ వస్తే తప్పు బయటనే ఉన్నట్టు. కేబుల్‌కు పెట్టిన అరెస్టర్ (ఎక్కువైన వోల్టేజిని ఎర్త్‌కు దించే పార్ట్) గ్యాస్ ట్యూబ్‌ది అయితే దాన్ని విడిగ తీసి నడుమ పిన్నుకు, బాడీకి మీటర్ పెట్టాలె. బీప్ అంటే ట్యూబ్ షార్ట్ అయింది, మార్చాలె. బీప్ రాకపోతే బాగున్నదని అనుకోవద్దు, ఓపెన్ అయి చచ్చినా మీటర్ల అట్లనే కనపడ్తది, అందుకే పక్కనే పిడుగు పడిందని తెలిస్తే కొత్తది వేసుడే నయం. కొనేటప్పుడు ఇంకోటి చూడాలె, 100 వాట్లకు 50 ఓమ్‌ల లైన్ల పీక్ వోల్టేజి 100 ఉంటది, 90 వోల్టుల ట్యూబ్ పెడితే మనం మాట్లాడేటప్పుడే ఫైర్ అయితది, 230ది అయితే బరాబర్.

వేరే ఆంటెన్నా పెట్టినా రిసీవ్ మొద్దుగనే ఉంటే అప్పుడు సెట్టు ఫ్రంట్ ఎండ్ (సిగ్నల్‌ను మొదట అందుకునే భాగం) పోయినట్టు.

సమస్య: చినుకు లేదు, ఒట్టి దుమ్ముగాలి, కేబుల్ కొసకు టిక్ టిక్ మని నిప్పురవ్వలు

ఇది స్టాటిక్. గాలి, దుమ్ము తగిలి వైరు మీద చార్జ్ పోగయితది. ఆంటెన్నా ఫీడ్ (కేబుల్ కలిసే చోటు) దగ్గర అడ్డంగ ఒక 100 కిలో ఓమ్ రెసిస్టర్ వేసి, కేబుల్ షీల్డ్‌ను ఎర్త్ చేస్తే చార్జ్ మెల్లగ దిగిపోతది. పిడుగును ఆపే పని దీంతోని కాదు.

సమస్య: ఆంటెన్నా పీకే పెట్టిన, అయినా పవర్ సప్లై, రౌటర్ కాలిపోయినయి

ఎక్కువమందికి సమజ్ కానిది ఇదే. ఆంటెన్నాకు ఒక ఎర్త్, ఇంటి కరెంట్ మీటర్‌కు ఇంకో ఎర్త్, రెండిటికీ లింక్ లేదు. మనది ఎర్ర చెల్క, రెండు మూడు అడుగులు తవ్వితే చాలా చోట్ల రాయే తగుల్తది, ఎండాకాలం పైమట్టి ఎండి ఉంటది, ఎర్త్ 20 ఓమ్‌ల దగ్గరే ఆగిపోతది. పిడుగు కరెంటు 30 వేల ఆంపియర్లనుకోండ్రి, ఆ ఎర్త్ పాయింటే 6 లక్షల వోల్టులకు లేస్తది, పక్క ఎర్త్ కిందనే ఉంటది, ఆ తేడా అంతా రౌటర్, పవర్ సప్లై లోపలికెల్లి దారి వెతుక్కుంటది. అన్ని ఎర్త్‌లు ఒక్కటయితే అంతా కలిసే లేస్తది, సామాన్లల్ల నుంచి పారేది బాగ తగ్గుతది. నా లెక్కల ఓమ్‌లు తగ్గించుడు కన్నా ముందు చేయాల్సిన పని ఎర్త్‌లు కలుపుడే.

16 స్క్వేర్ ఎంఎం కాపర్‌తోని ఆంటెన్నా ఎర్త్‌ను కరెంట్ మీటర్ ఎర్త్‌కు కలిపించుండ్రి, మెయిన్ ఆఫ్ చేసి ఎలక్ట్రీషియన్‌తోనే. కేబుళ్లన్నీ, రొటేటర్ (ఆంటెన్నాను తిప్పే మోటర్) వైరు కూడా, ఒక్క చోట కాపర్ ప్లేట్ మీది నుంచే లోపలికి రావాలె, అరెస్టర్లు ఆ ప్లేట్ మీదనే. అక్కడినుంచి ఎర్త్ వైరు పొట్టిగ, నిటారుగ దిగాలె, ఎక్కువైన వైరును చుట్టలు చుట్టి పెట్టొద్దు, ఎందుకంటే ఒక్క మీటరు పొడుగు వైరుకే పిడుగు స్పీడ్ల వేల వోల్టులు నిలబడ్తయి. ఎర్త్ రాడ్ భూమిలకు దిగకపోతే గోడ ఎంబడి కాలువ తీసి స్ట్రిప్ పడుకోబెట్టి బెంటొనైట్ (తడిని పట్టి ఉంచే మట్టి) పోయాలె. ఉప్పు పోయొద్దు, వానలకు కొట్టుకపోతది, పైగా జీఐని (జింక్ పూసిన ఇనుమును) తినేస్తది.

ఉరుము వినపడ్డంక కేబుల్ ముట్టుకోవద్దు, పీకుడు గీకుడు మబ్బు పట్టకముందే చేయాలె. పీకిన కొసను ఇంట్ల టేబుల్ మీద పెట్టకుండా బయటి ప్లేట్‌కే ఎర్త్ చేసి వదిలేయాలె. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి కలుపుండ్రి, పిడుగుల సంగతి చెప్పే దామిని యాప్ ఫోన్ల ఉంటే పిడుగులు మన దగ్గర్ల పడ్తున్నయా అన్నది ఎరుకైతది.