ప్లాటర్ మీద ఫిల్మ్ చుట్టుకుపోయిన రోజు
హన్మకొండలో ఓ థియేటర్‌లో ఆపరేటర్‌గా ఉన్నప్పటి మాట. మే నెల, మ్యాట్నీ. నిమిషానికి 90 అడుగుల లెక్కన రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగుల ఫిల్మ్, అంతా ఒకే ప్లాటర్ మీద, అంటే ఫిల్మ్‌ను చుట్టి పెట్టి తిప్పే పెద్ద పళ్లెం మీద. ఇంటర్వెల్ తర్వాత కాసేపటికే, పళ్లెం మధ్యలో ఉండి ఫిల్మ్‌ను ప్రొజెక్టర్‌కు వదిలే ఫీడ్ యూనిట్‌కు ఫిల్మ్ బిర్రుగా చుట్టుకుని షో ఆగింది. కింద ఒకటే ఈలలు.

ముందు ఫీడ్ యూనిట్ ఆర్మ్ మీద, అంటే పళ్లెం వేగాన్ని మార్చే చిన్న చేయి మీద అనుమానం వచ్చింది. చేత్తో కదిపితే పళ్లెం వేగం సరిగ్గానే మారుతోంది. రోలర్లూ ఫ్రీగానే ఉన్నాయి. ఫిల్మ్ విప్పుతుంటే చిటచిటమని చప్పుడు, చేతి మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అప్పుడు వెలిగింది. స్టాటిక్, రాపిడికి పుట్టే కరెంటు! పొడిగాలికి ఒక చుట్టు పక్క చుట్టుకు అతుక్కుని రెండూ కలిసి వస్తున్నాయి.

"అన్నా, బకెట్‌ల నీళ్లు తేవాల్నా?" అన్నాడు అసిస్టెంట్. ఎగతాళికే అన్నాడేమో గానీ మందు అదే. బూత్‌లో తడి గోనెసంచులు వేలాడదీశాం, ఫిల్మ్‌కు మాత్రం చుక్క తగలనీయలేదు. ప్లాటర్ ఎర్త్ వైరు చూస్తే బోల్టు దగ్గర తుప్పు. గీకి బిగించాను.

ఫస్ట్ షో సాఫీగా నడిచింది. నేను మాత్రం నమ్మకం కుదరక చివరిదాకా పళ్లెం పక్కనే నిలబడ్డాను.