మాండలిన్ శ్రుతి సరిచేసే ముందు జాగ్రత్తలు

విశాఖలో బీచ్ రోడ్డు దగ్గర ఇల్లయితే ముందు తీగలు చూడండి. ఉప్పుగాలికి తుప్పు పట్టి వేలికి గరుగ్గా తగిలితే మార్చేయడమే. అన్నీ ఒకేసారి విప్పొద్దు: బ్రిడ్జిని (తీగల్ని కింద నుంచి మోసే చెక్క ముక్క) పట్టి ఉంచేది తీగల బిగువే, బ్రిడ్జి జారితే తలనొప్పి మొదలు.

ఏసీ గదిలోంచి తేగానే మొదలుపెట్టొద్దు, బయటి వేడికి సర్దుకోనివ్వండి.

12వ మెట్టు (ఫ్రెట్) దగ్గర తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే హార్మోనిక్ కన్నా నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే, తీగలు కాస్త వదులు చేశాకే బ్రిడ్జిని టెయిల్‌పీస్ (తీగల కింది కొసలు తగిలించే భాగం) వైపు వెంట్రుకవాసి జరపాలి.

ఒకే స్వరానికి ఉండే తీగల జంటలో ఒకటి ట్యూనర్‌తో (శ్రుతి చూపే పరికరం), రెండోది చెవితో కలపండి. శ్రుతి సరే అని ట్యూనర్ పచ్చగా వెలిగినా జి మేజర్ కార్డులో (కలిపి మోగించే స్వరాల గుంపు) బి స్వరం కటువుగానే ఉంటుంది. స్థాయిని 12 సమాన భాగాలు చేసే సమ విభజనలో ఆ బి, అంటే జి షడ్జమమైతే అంతర గాంధారం, సహజ స్థానం కన్నా సుమారు 14 సెంట్లు (సెంటు అంటే ఆ భాగంలో నూరో వంతు) ఎక్కువ. ఆ బి పలికేది ఎ తీగల మీద; అలాగని వాటిని మరీ దించితే మిగతా కార్డులు చెడతాయి. ఎక్కువగా వాయించే కార్డు కోసం ఓ పిసరు దించితే చాలు.

సన్నని ఇ తీగ బిగించేటప్పుడు ముఖం దూరంగా పెట్టండి.