సివిలైజేషన్ 6: నగరం ఎంతకీ పడటం లేదా? ముందు ముట్టడి చూసుకోండి

సివిలైజేషన్ 6 అనే కంప్యూటర్ వ్యూహ గేమ్‌లో మీరు యుద్ధం ప్రకటించి చాలా టర్న్‌లు (వంతులు) గడిచాయి, సైన్యం ఇంకా మొదటి నగరం దగ్గరే ఉంది. ఈ సమస్య చెప్పగానే ‘ఇంకో నలుగురు ఆర్చర్లను (విలుకాళ్లను) తయారుచేయండి’ అని సలహా ఇస్తుంటారు. చాలాసార్లు కొరత సైన్యంలో ఉండదు. నగరం పేరు దగ్గర రెండు పట్టీలు కనిపిస్తాయి: ఒకటి గోడలది, ఒకటి నగరం హెల్త్‌ది. మీ దాడుల తర్వాత ఏ పట్టీ తగ్గుతోంది, ఏది తగ్గడం లేదు? దయచేసి ముందు ఇది చూడండి. దీన్నిబట్టే కారణం తెలుస్తుంది.

గోడ పట్టీ కదలడం లేదు

కత్తి పట్టిన సైనికులు గోడకు చేసే నష్టం 15 శాతమే. ఆర్చర్లది 50 శాతం. గోడ ఉన్న నగరం మీదికి వట్టి వారియర్లను పంపితే వాళ్లే చస్తారు. ఏన్షియంట్ వాల్స్ (మొదటి స్థాయి గోడలు) మాత్రమే ఉంటే ఒక్క బ్యాటరింగ్ ర్యామ్ (గోడను గుద్దే దూలం) చాలు. అది నగరం పక్క గడిలో ఉన్నంతసేపు కాల్బలం దెబ్బ గోడకు పూర్తిగా తగులుతుంది. గుర్రాలకు మాత్రం ఇది పనిచేయదు. గోడలు అంతకన్నా పెద్దవైతే క్యాటపల్ట్ (రాళ్లు విసిరే యంత్రం) తెచ్చుకోండి. అది మామూలుగా కదిలిన టర్న్‌లో కొట్టలేదు కాబట్టి, ఒక టర్న్ ముందే దాన్ని రెండు గడుల దూరంలో నిలబెట్టాలి.

గోడ కూలింది, హెల్త్ తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది

ఎక్కువమంది టర్న్‌లు తినేసేది ఇదే. ముట్టడిలో లేని నగరం ప్రతి టర్న్‌కూ 20 హెల్త్ తిరిగి పొందుతుంది. నగరం మొత్తం హెల్త్ 200. మీరు టర్న్‌కు 30 తీస్తున్నారనుకోండి. ముట్టడి పూర్తిగా ఉంటే ఏడో టర్న్‌కి పని అయిపోతుంది. లేకపోతే నికరంగా తగ్గేది 10, పట్టేది 18 టర్న్‌లు. ఆలోగా శత్రువు కొత్త సైన్యాన్ని దింపుతాడు. శత్రు భూమిలో మీ యూనిట్లు కోలుకునేది టర్న్‌కు 5 మాత్రమే.

మ్యాప్ మీద చూస్తే చుట్టూ మన వాళ్లే ఉన్నట్టుంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ముట్టడి అంటే నగరం చుట్టూ ఉన్న ఆరు గడుల్లో ప్రతిదాంట్లోనూ మన యూనిట్ ఉండాలి, లేదా ఆ గడి మన యూనిట్ జోన్ ఆఫ్ కంట్రోల్‌లో (యూనిట్‌కు తన పక్క గడుల మీద ఉండే పట్టులో) ఉండాలి. మైదానంలో ఇది తేలిక. నగరానికి అటూ ఇటూ ఎదురెదురు గడుల్లో ఇద్దరు వారియర్లు నిలబడితే ఆరూ మూసుకుపోతాయి. కానీ ఆర్చర్లకూ క్యాటపల్ట్‌లకూ జోన్ ఉండదు. వెనకాల పదిమంది ఆర్చర్లున్నా పక్క గడి మూసుకోదు.

ఇక నది. జోన్ నదిని దాటదు. నగరం నది ఒడ్డున ఉండి మీ సైన్యమంతా ఈ గట్టునే ఉంటే, అవతలి గట్టు తెరిచే ఉన్నట్టు లెక్క. సముద్రం కూడా అంతే, నేల మీది జోన్ నీళ్లలోకి వెళ్లదు. తీర నగరాన్ని నేల వైపు ఎంత గట్టిగా బిగించినా, నీటి గడి తెరిచి ఉంటే నగరానికి టర్న్‌కు 20 హెల్త్ వస్తూనే ఉంటుంది. అవతలి గట్టుకు ఒక కాల్బలం యూనిట్‌ని దాటించండి, తీరంలో ఒక గ్యాలీని (దగ్గరి నుంచి పోరాడే నౌకని) పెట్టండి. క్వాడ్రిరీమ్ దూరం నుంచి కొట్టే నౌక, కాబట్టి దానికీ జోన్ ఉండదు.

ముట్టడి కుదిరిందా లేదా అని తేల్చుకోవడం కష్టం కాదు. మీ టర్న్ చివర నగరం హెల్త్ గుర్తుపెట్టుకుని తర్వాతి టర్న్ మొదట్లో మళ్లీ చూడండి. పెరిగిందంటే ఎక్కడో ఒక గడి తెరిచి ఉంది. అది దొరికేదాకా కొత్త యూనిట్ మీద ప్రొడక్షన్ పెట్టకండి.

గోడల సంగతి వేరు, అవి వాటంతట అవి కోలుకోవు. కానీ మూడు టర్న్‌లు దాడి లేకపోతే నగరం వాటిని రిపేర్ చేసుకోగలదు. అందుకే కనీసం ఒక్క ఆర్చర్‌తోనైనా మధ్యమధ్యలో కొడుతూ ఉండండి.

హెల్త్ అడుగంటింది, నగరం మాత్రం చేతికి రాలేదు

ఆర్చర్లు నగరంలోకి అడుగు పెట్టలేరు. చివరి దెబ్బకు కాల్బలమో గుర్రమో కావాలి.

గెలిచిన నగరం తిరగబడుతోంది

గేమ్‌కు రైజ్ అండ్ ఫాల్ అనే ఎక్స్‌పాన్షన్ ఉంటే లాయల్టీ (నగరం మీకు ఎంత విధేయంగా ఉందో చూపే కొలత) చూడండి. తొమ్మిది గడుల లోపలి నగరాల జనాభా ఒత్తిడి దీన్ని లాగుతుంది. గెలిచిన వెంటనే ఒక గవర్నర్‌ని (నగరానికి నియమించే అధికారిని) పంపితే టర్న్‌కు 8 లాయల్టీ వస్తుంది. శత్రు దేశం నడిమధ్యలోని నగరంతో కాకుండా మీ సరిహద్దు నగరంతో మొదలుపెడితే ఈ తలనొప్పి చాలావరకు ఉండదు.

భారత్ నాయకుల్లో ఒకడైన చంద్రగుప్తుడితో ఆడేవాళ్లకు ఒక మాట. భూవిస్తరణ యుద్ధంతో (యుద్ధ ప్రకటనల్లో ఒక రకం) వచ్చే అదనపు కదలిక, బలం మొదటి 10 టర్న్‌లే ఉంటాయి. సైన్యం సరిహద్దుకు చేరకముందే యుద్ధం ప్రకటిస్తే ఆ పదీ దారిలోనే పోతాయి.

ఇనుము చాలకపోవడం, యుద్ధ విసుగు, ఎన్‌క్యాంప్‌మెంట్ (శత్రువు సైనిక శిబిరం) నుంచి వచ్చే బాణాలు కూడా కారణం కావచ్చు, కానీ అరుదు. పైవన్నీ సరిగ్గా ఉన్నాకే వాటి జోలికి వెళ్లండి.