సివిల్ ఇంజనీర్లు వృత్తి సంఘాలు, సదస్సుల ద్వారా ఎదగడం ఎలా?

సివిల్ ఇంజనీరు చేసిన పని ఊరందరికీ కనిపిస్తుంది కానీ, దాన్ని చేసిన మనిషి చాలా కొద్దిమందికే తెలుస్తాడు. ఫ్లైఓవరు మీద కంపెనీ పేరు ఉంటుంది, శిలాఫలకం మీద మంత్రిగారి పేరు ఉంటుంది. పునాది తవ్వకంలో వచ్చిన చిక్కును రాత్రికి రాత్రి విప్పిన సైట్ ఇంజనీరు పేరు అతని ప్రాజెక్టు మేనేజరును దాటి బయటకు రాదు. ఆ మేనేజరు మరో కంపెనీకి వెళ్లిపోతే ఆ కాస్త గుర్తింపు కూడా ఆయన వెంటే పోతుంది. ఈ లోటును తీర్చగలిగినవి వృత్తి సంఘాలు, అవి నిర్వహించే సదస్సులు. అయితే చందా కట్టి సభ్యత్వ కార్డు తెచ్చుకున్నంత మాత్రాన ఏమీ జరగదు. మీ జీతంతో, మీ కంపెనీతో ఏ సంబంధమూ లేని మనుషులు మీ పనితీరును కళ్లారా చూసినప్పుడే మీ పేరు బయట నిలుస్తుంది. కింద చెప్పబోయే అడుగులన్నీ అలా చూసే అవకాశం వారికి కల్పించడం కోసమే.

సివిల్ ఇంజనీరింగ్ నాకు బాగా తెలిసిన రంగం కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడి నుంచే తీసుకున్నాను. స్టడీ సర్కిళ్లకు వెళ్లే చార్టర్డ్ అకౌంటెంట్లు, సీఎంఈ (వైద్యులకు ఎప్పటికప్పుడు కొత్త విషయాలు నేర్పే) సదస్సులకు హాజరయ్యే డాక్టర్లు, ఐఈఈఈ అనే అంతర్జాతీయ వృత్తి సంఘంలో సభ్యులైన ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్లు పేర్లు మార్చుకుని చదువుకుంటే చాలావరకు వారికీ వర్తిస్తుంది.

ఏ సంఘంలో చేరాలో ముందు తేల్చుకోండి

ఇంజనీర్లందరికీ ఉమ్మడి వేదిక ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ (ఇండియా). 1920లో మద్రాసులో నమోదై, 1935లో రాయల్ చార్టర్ పొందిన ఈ సంస్థ ప్రధాన కార్యాలయం కోల్‌కతాలో ఉంది. హైదరాబాద్‌లో దాని చిరునామా ఖైరతాబాద్‌లోని విశ్వేశ్వరయ్య భవన్. ఇది కాక, చేసే పనిని బట్టి ప్రత్యేక సంఘాలు ఉన్నాయి. కాంక్రీటు పనిలో ఉన్నవారికి 1982లో మొదలై చెన్నై కేంద్రంగా నడుస్తున్న ఇండియన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్, నేల, పునాదుల పనిలో ఉన్నవారికి 1948 నాటి ఇండియన్ జియోటెక్నికల్ సొసైటీ, రోడ్లు, వంతెనల పనిలో ఉన్నవారికి రోడ్ల అభివృద్ధిపై వేసిన జయకర్ కమిటీ సిఫారసుల ఫలితంగా 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఉన్నాయి.

వీటన్నిటిలోనూ ఒకేసారి చేరవద్దు. ఒక ఉమ్మడి సంఘం, ఒక ప్రత్యేక సంఘం చాలు. ఎంచుకునేటప్పుడు సంఘం పేరు ప్రతిష్ఠల కంటే ఒక విషయం ముఖ్యంగా చూడాలి: మీరు ఉండే ఊళ్లో దాని స్థానిక కేంద్రం చురుగ్గా పనిచేస్తున్నదా? గత ఏడాది అక్కడ ఎన్ని ఉపన్యాసాలు జరిగాయో కనుక్కుని, సభ్యత్వం తీసుకోకముందే రెండు మూడింటికి వెళ్లి కూర్చోండి. ఇటువంటి సాయంత్రపు ఉపన్యాసాలకు సాధారణంగా ఎవరినైనా రానిస్తారు. హాలులో మీ వయసువారు కొందరైనా ఉన్నారా, ప్రశ్నలు వేయనిస్తున్నారా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

సభ్యత్వం ఏ స్థాయిలో తీసుకోవాలి?

ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్‌లో డిగ్రీ ఉన్నవారు అసోసియేట్ మెంబరుగా మొదలై, అనుభవాన్ని బట్టి మెంబరు, ఆ తర్వాత ఫెలో స్థాయికి చేరతారు. అర్హులైన సభ్యులకు చార్టర్డ్ ఇంజనీర్ ధ్రువపత్రం ఇస్తారు. విదేశాల నుంచి సెకండ్ హ్యాండ్ యంత్రాలు దిగుమతి చేసుకునేటప్పుడు కస్టమ్స్‌వారు అడిగే చార్టర్డ్ ఇంజనీర్ సర్టిఫికెట్ వంటి పనులు ఇటువంటి హోదా ఉన్నవారికే వస్తాయి కాబట్టి, సొంతంగా కన్సల్టెన్సీ పెట్టాలనుకునేవారు దీని మీద ముందు నుంచే దృష్టి పెట్టడం మంచిది.

డిప్లొమా చేసి సైట్‌లో పనిచేస్తున్నవారికి ఒక హెచ్చరిక. ఈ ఇన్‌స్టిట్యూషనే నిర్వహించే ఏఎంఐఈ పరీక్షలు, అంటే సెక్షన్ ఏ, సెక్షన్ బీ పాసైతే డిగ్రీతో సమానమని ఇప్పటికీ చాలామంది చెబుతుంటారు. కేంద్ర ప్రభుత్వం ఆ గుర్తింపును 2013 మే 31 వరకు నమోదైనవారికి మాత్రమే వర్తింపజేసింది. ఇప్పుడు కొత్తగా చేరేవారు ఏ ఉద్యోగం కోసం ఆ పరీక్షలు రాయాలనుకుంటున్నారో ఆ నోటిఫికేషన్‌లోని అర్హతలు చదివిన తర్వాతే డబ్బు కట్టాలి.

స్థానిక కేంద్రంలో ఒక చిన్న పని మీ చేతిలోకి తీసుకోండి

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చే అడుగు ఇదే, ఎక్కువమంది వదిలేసే అడుగూ ఇదే. వృత్తి సంఘాల స్థానిక కేంద్రాలు నడిచేది జీతగాళ్ల మీద కాదు, ఆఫీసు పని ముగించుకుని వచ్చి శ్రమపడే సభ్యుల మీద. వారికి ఎప్పుడూ మనుషులు చాలరు. విశ్వేశ్వరయ్య జయంతి సందర్భంగా సెప్టెంబరు 15న జరిగే ఇంజనీర్స్ డే, తెలంగాణలో నిజాం కాలపు ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ జయంతి రోజైన జూలై 11న జరిగే ఇంజనీర్ల దినోత్సవం వంటి సందర్భాలలో వక్తలను పిలవడం, స్టేషన్ నుంచి తీసుకురావడం, హాలులో ప్రొజెక్టరు సరిచూడటం, సావనీరుకు (ఆ సందర్భంగా వేసే ప్రత్యేక సంచికకు) వ్యాసాలు సేకరించడం వంటి పనులు ఎవరో ఒకరు చేయాలి. కార్యదర్శి దగ్గరకు వెళ్లి, "సార్, సావనీరు పని నేను చూసుకుంటాను" అని ఒక నిర్దిష్టమైన పనిని అడిగి తీసుకోండి. "ఏదైనా ఉంటే చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు, మరిచిపోతారు కూడా.

సావనీరు పనిలో దొరికేది ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. పది మంది సీనియర్లకు వ్యాసం కోసం మీరు ఫోన్ చేస్తారు. గడువు దాటితే మర్యాదగా గుర్తు చేస్తారు. వచ్చిన వ్యాసంలో ఒక పట్టిక అంకెలు కూడికలో సరిపోకపోతే ఆ మాట ఆయనకే చెప్పి సరిచేయిస్తారు. రిటైరైన చీఫ్ ఇంజనీరు, కాలేజీ ప్రొఫెసరు, సిమెంటు కంపెనీ టెక్నికల్ మేనేజరు, వీరందరికీ ఆ రెండు నెలల్లో మీరు మాట మీద నిలబడే మనిషి అని, అంకెలు సరిచూసే అలవాటు ఉన్న ఇంజనీరు అని తెలుస్తుంది. ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడి ఈ నమ్మకం కలిగించడం ఎవరికీ సాధ్యం కాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. మన దగ్గర ఉద్యోగాలు చాలావరకు ఊరి పరిచయాల మీద, బంధువర్గం మీద, కాలేజీ సీనియర్ల మీద ఆధారపడి దొరుకుతుంటాయి. ఇంట్లో మొదటిసారి ఇంజనీరింగ్ చదివిన పిల్లలకు, జిల్లా కాలేజీల నుంచి వచ్చినవారికి, పెళ్లయ్యాక ఊరు మారిన మహిళా ఇంజనీర్లకు ఆ దారులేవీ ఉండవు. అటువంటివారికి సంఘం స్థానిక కేంద్రం తెరిచి ఉన్న తలుపు లాంటిది. అందులోకి వెళ్లడానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు, పని చేస్తే చాలు.

సదస్సుకు పత్రం పంపడం

సదస్సుకు ప్రేక్షకుడిగా వెళ్లడం ఒక ఎత్తు, పత్రం (పేపరు), అంటే మీ పని గురించి రాసిన సాంకేతిక వ్యాసం సమర్పించడానికి వెళ్లడం మరో ఎత్తు. పత్రం ఉన్నవారిని ఇతరులే వెతుక్కుంటూ వచ్చి పలకరిస్తారు. ఇండియన్ జియోటెక్నికల్ సొసైటీ ఏటా నిర్వహించే సదస్సు ఒక్కో ఏడు ఒక్కో నగరంలో జరుగుతుంది. 2014లో అది కాకినాడలో జరిగింది. మన ప్రాంతానికి వచ్చిన ఏడు ప్రయాణ ఖర్చు తక్కువ కాబట్టి మొదటి ప్రయత్నం అప్పుడు చేయడం తేలిక.

పీహెచ్‌డీ లేనివారు పత్రం రాయలేరన్నది అపోహ. సైట్‌లో ఉన్నవారి దగ్గర ఉండే కొలతలు ప్రొఫెసర్ల దగ్గర ఉండవు. ఒక ఉదాహరణ అనుకుందాం: హైదరాబాద్‌లో మూడు సెల్లార్ల తవ్వకం జరుగుతోంది. బోర్‌హోల్ నివేదికలో (నేల తీరు తెలుసుకోవడానికి ముందుగా వేసిన బోర్ల నివేదికలో) 4 మీటర్ల లోతులో గట్టి రాయి ఉందని రాశారు. తవ్వితే ఒక మూలన 9 మీటర్ల దాకా మెత్తబడిన రాయే వచ్చింది. బోర్లు ఎక్కడెక్కడ వేశారు, రాయి ఎక్కడ ఎలా మారింది, పునాది డిజైను ఏ మేరకు మార్చారు, దాని వల్ల ఎన్ని రోజులు, ఎంత కాంక్రీటు అదనంగా పట్టింది అన్నవి వరుసగా రాస్తే అదే పత్రం. అబ్‌స్ట్రాక్ట్ (పత్రం సారాంశం) సాధారణంగా 250 నుంచి 300 పదాల లోపు అడుగుతారు. అందులో మొదటి వాక్యం సమస్య, రెండో వాక్యం సైట్, ఆ తర్వాత మీరు కొలిచినవి, చివర మీరు తేల్చింది ఉండాలి. "దేశాభివృద్ధిలో మౌలిక వసతుల పాత్ర ఎంతో కీలకం" వంటి వాక్యంతో మొదలుపెట్టవద్దు, ఎంపిక కమిటీలు దాన్ని చదివి చదివి విసిగిపోయి ఉంటాయి.

పంపే ముందు కంపెనీ అనుమతి లిఖితపూర్వకంగా తీసుకోవాలి. క్లయింటు పేరు, ఖర్చుల వివరాలు బయటపెట్టరాదంటే వాటిని తీసేసి కొలతలు మాత్రం ఉంచండి. మేనేజరును సహరచయితగా చేర్చుకుంటే అనుమతితో పాటు రిజిస్ట్రేషన్ రుసుము కూడా కంపెనీయే భరించే అవకాశం పెరుగుతుంది, అయితే ఆయన నిజంగా ఆ పనిలో పాలుపంచుకుని ఉండాలి.

ఇంగ్లీషు గురించి భయపడేవారు చాలామంది ఉన్నారు. తెలుగు మీడియంలో చదివి వచ్చినవారికి వేదిక మీద మాట్లాడాలంటే గొంతు తడారిపోతుంది. స్లయిడ్ల మీద వాక్యాలు తగ్గించి ఫోటోలు, బోర్ లాగ్‌లు (ఏ లోతులో ఏ మట్టి, ఏ రాయి వచ్చిందో చూపే పట్టికలు), గ్రాఫులు పెట్టండి. చెప్పదలుచుకున్నది చిన్న చిన్న వాక్యాలలో రాసుకుని, ఇంట్లో బిగ్గరగా చదివి సమయం చూసుకోండి. స్థానిక కేంద్రంలో అదే విషయాన్ని ముందుగా తెలుగు, ఇంగ్లీషు కలిపి ఒకసారి చెప్పి చూస్తే, సదస్సులో రాబోయే ప్రశ్నల్లో సగం అక్కడే వచ్చేస్తాయి.

సదస్సు రోజుల్లో ఏం చేయాలి?

కార్యక్రమ పత్రం ముందే తెప్పించుకుని, మీ పనికి దగ్గరగా ఉన్న నలుగురు వక్తలను గుర్తుపెట్టుకోండి. వారు ఇంతకుముందు రాసిన పత్రం ఒక్కటైనా చదివి వెళ్లండి. ప్రసంగం తర్వాత వేసే ప్రశ్న చిన్నదిగా, సూటిగా ఉండాలి. నల్లరేగడిలో అండర్‌రీమ్డ్ పైల్స్ (అడుగున బల్బులా ఉబ్బెత్తుగా ఉండే పునాది స్తంభాలు) గురించి ఎవరైనా మాట్లాడారనుకోండి. "మీ ప్రసంగం చాలా బాగుంది, ఈ పద్ధతి భవిష్యత్తు ఎలా ఉంటుంది?" అన్న ప్రశ్న ఎవరికీ గుర్తుండదు. "ఈ సైట్‌లో రుతువులను బట్టి నేల ఉబ్బి కుంగే లోతును ఎలా నిర్ణయించారు? బల్బును దానికి ఎంత కిందికి దింపారు?" అని అడిగితే, టీ విరామంలో ఆ వక్తే మీ వైపు వచ్చి మీరు ఎక్కడ పనిచేస్తున్నారని అడిగే అవకాశం ఉంటుంది.

ఒకే కంపెనీవారు, ఒకే బ్యాచ్‌వారు మూడు రోజులూ కలిసే తిరిగితే సదస్సుకు వచ్చిన ప్రయోజనం పోతుంది. భోజనాల దగ్గర తెలియనివారి పక్కన కూర్చోండి. మొదటి పరిచయంలోనే రెజ్యూమె చేతికివ్వడం, "మీ కంపెనీలో ఒక్క మాట చెప్పండి సార్" అనడం మాత్రం చేయకూడదు. ఎదుటివారికి అది ఇబ్బంది, మీకు నష్టం.

తిరిగి వచ్చాక

రెండు రోజుల లోపు సందేశం పంపాలి, ఆలస్యమైతే మొహం గుర్తుండదు. అందులో పొగడ్తల కంటే విషయం ఉండటం ముఖ్యం. ఉదాహరణకు: "నమస్కారం సార్. శుక్రవారం మీ ప్రసంగం తర్వాత నల్లరేగడిలో పైల్స్ గురించి అడిగిన సైట్ ఇంజనీరును. మీరు చెప్పినట్లు మా బోర్ లాగ్‌లు మళ్లీ చూశాను, రెండు బోర్లలో భూగర్భజల మట్టం వేరువేరుగా ఉంది. ఆ వివరాలు జతచేశాను, వీలున్నప్పుడు చూడగలరు." దీనికి జవాబు రాకపోయినా నొచ్చుకోవద్దు. ఆరు నెలల తర్వాత ఆ సైట్ పని ఎలా ముగిసిందో మరో నాలుగు వాక్యాలు రాయండి. గల్ఫ్‌కు వెళ్లే ఆలోచన ఉన్నవారు కువైట్, ఖతార్ వంటి చోట్ల ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ చాప్టర్లు ఉన్నాయన్నది గమనించాలి. ఇక్కడి కేంద్రంలో పనిచేసినవారికి అక్కడ మొదటి పరిచయం సులువవుతుంది.

డబ్బు గుంజే సదస్సుల విషయంలో జాగ్రత్త

మీరు పంపకుండానే "మీ పత్రాన్ని ఆహ్వానిస్తున్నాం" అని మెయిల్ వచ్చి, రెండు రోజుల్లో అంగీకారం తెలిపి, వెంటనే రుసుము కట్టమంటే దాన్ని వదిలేయండి. కాంక్రీటు, జన్యుశాస్త్రం, మేనేజ్‌మెంట్ ఒకే వేదిక మీద ఉన్న సదస్సుల్లో మీ పత్రాన్ని చదివేవారు ఎవరూ ఉండరు. నిర్వాహక కమిటీలో పేర్లున్న ప్రొఫెసర్లలో ఒకరికి ఫోన్ చేసి అడిగితే నిజం తెలిసిపోతుంది.

ప్రమాణాల రూపకల్పనలో పాలుపంచుకోండి

కొన్నేళ్లు గడిచాక చేయవలసిన పని ఇది. మనం రోజూ వాడే ఐఎస్ 456 (కాంక్రీటు), ఐఆర్‌సీ 37 (రోడ్లు) వంటి కోడ్‌లను, అంటే ప్రమాణాలను, రాసేది మన వృత్తివారే. కాంక్రీటు కోడ్ బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్‌లోని సీఈడీ 2 అనే కమిటీ చేతిలో ఉంటుంది, రోడ్ల కోడ్‌లను ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కమిటీలు తయారుచేస్తాయి. కమిటీలో చోటు రావడానికి ఏళ్లు పడుతుంది కానీ, బ్యూరో తన ముసాయిదాలను ముందుగా అందరి అభిప్రాయాల కోసం విడుదల చేస్తుంది. వాటి మీద వ్యాఖ్య పంపడానికి ఏ హోదా అక్కర్లేదు. మీ స్థానిక కేంద్రంలో నలుగురిని కూర్చోబెట్టుకుని ముసాయిదా చదవండి. మీ సైట్ అనుభవానికి పొసగని నిబంధన కనిపిస్తే నాలుగు విషయాలు రాసి గడువులోగా పంపండి: నిబంధన సంఖ్య, ఇప్పుడున్న వాక్యం, మీరు సూచించే వాక్యం, దానికి ఆధారమైన మీ కొలతలు.