కొత్తింట్లో పాత గాయం: పది నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీసేదెలా

కొత్తింట్లో దిగిన పాత్ర గతాన్ని ఫ్లాష్‌బ్యాక్‌లో చెబితే సగం బలం పోతుంది. ఆ పని ఒక వస్తువుకు అప్పగించండి. సామానంతా సర్దేసినా టేపు విప్పని అట్టపెట్టె ఒక్కటి చాలు. పాలు పొంగించే సీన్‌లో అది మూలన కనబడాలి, తర్వాత రెండుసార్లు కాళ్లకు అడ్డం రావాలి. ఎనిమిదో నిమిషం దాకా తెరవొద్దు.

ఖాళీ ఇంట్లో అసలు తంటా శబ్దంతోనే. టైల్స్, ఉత్త గోడలు మాటను తిరగ్గొడతాయి. ఎడిటింగ్‌లో ఆ ప్రతిధ్వని పూర్తిగా పోదు. ఫ్రేముకు బయట నాలుగైదు మందపాటి దుప్పట్లు వేలాడదీసి, మైకును నటుడికి అడుగున్నర దూరంలో పెట్టండి. ఫ్యాను, ఫ్రిజ్ ఆపేయండి. (బైకు తాళం ఫ్రిజ్‌లోనే పెడితే, వెళ్లేటప్పుడు మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు.) ప్రతి గదిలో నిమిషం పాటు నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకోండి, ఎడిటింగ్‌లో దాన్ని మాటల కింద పరిస్తే కట్‌ల మధ్య అతుకు వినబడదు.

ట్యూబులైటు మినుకుమంటే కెమెరా షట్టర్ స్పీడును 1/50 సెకనుకి మార్చండి, మన కరెంటు 50 హెర్ట్జ్.

పెట్టెలో ఏముందో చూపాలా? ముఖంలో తెలిసిపోతుంటే అక్కర్లేదు.