డీఈఎంలో ఇరుకు లోయ దగ్గర నది గీత తెగిపోతుంటే

ఎస్‌ఆర్‌టీఎం (అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తుల డేటా) 30 మీటర్ల డీఈఎం (నేల ఎత్తును 30 మీటర్ల గడుల్లో, అంటే సెల్స్‌లో, చూపే డిజిటల్ పటం) నుంచి తీసిన నది గీత ఇరుకు లోయలో తెగి, ఎగువన దువ్వెన పళ్లలా సమాంతర గీతలు వస్తాయి. ఫిల్ సింక్స్ (గుంతలు పూడ్చడం), స్మూతింగ్ (ఎత్తుపల్లాలు నునుపు చేయడం), థ్రెషోల్డ్ (ఎన్ని సెల్స్ నీరు చేరితే నదిగా గీయాలన్న హద్దు) మార్చడం, ఏదీ పనిచేయలేదు.

ఆ రాడార్‌కు దట్టమైన చెట్ల ఎత్తు కూడా నేలలా కనిపిస్తుంది. ఇరుకు చోట అదే అడ్డుకట్ట. ఫిల్ చేస్తే దాని వెనక లోయంతా చదునైపోతుంది. అందుకే పూడ్చకుండా గండి కొట్టాలి.

ముందు డీఈఎంను యూటీఎం (మీటర్లలో కొలిచే పట ప్రక్షేపణ)లోకి మార్చాను, చుట్టుపక్కల సెల్స్ సగటు తీసే బైలీనియర్‌తోనే (దగ్గరి ఒక్క సెల్ విలువే తీసుకునే నియరెస్ట్ అయితే చారలు పడతాయి). తర్వాత వైట్‌బాక్స్‌టూల్స్ అనే పటాల విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో బ్రీచ్ డిప్రెషన్స్ లీస్ట్ కాస్ట్ (తక్కువ తవ్వకంతో గండి కొట్టే టూల్): గండి దారి వెతికే దూరం 50 సెల్స్, మిగిలిన గుంతలకు ఫిల్ ఆన్. ఆపైన డీ8 ఫ్లో అక్యుములేషన్ (ప్రతి సెల్ నీరు ఎనిమిది పొరుగు సెల్స్‌లో ఎక్కువ వాలున్న ఒక్కదానికే పోతుందనుకుని, ఎక్కడికి ఎన్ని సెల్స్ నీరు చేరుతుందో లెక్కించడం), థ్రెషోల్డ్ 1000 సెల్స్, అంటే 0.9 చదరపు కిలోమీటర్లు. కాంటూర్లు (సమాన ఎత్తు గీతలు) మాత్రం గండి కొట్టని డీఈఎం నుంచే గీయండి.

50 అన్నిచోట్లా సరిపోతుందనుకోను. సున్నపురాయి నేలలో నీరు నిజంగానే గుంతల్లో ఇంకిపోతుంది, అక్కడ ఈ పద్ధతి లేని నదిని గీస్తుంది.